హెపటైటిస్ సి మందులకు మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: నా వయసు 41. ఖమ్మంలో మొబైల్ రిపేర్ షాపు, ఖర్చులు పోను నెలకు 35 వేలు వస్తాయి. హెర్నియా ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి బయటపడింది. లివర్ గట్టిపడలేదు, 12 వారాలు మాత్రలు వాడాలన్నారు. లక్షలవుతాయని బంధువులు అనడంతో టెన్షన్‌పడి ఫైనాన్స్‌లో ప్రామిసరీ నోటు రాసిచ్చి, మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాను. పరీక్షలకు 40 వేలు అయ్యాయి. ఇంకో లక్ష లోన్ యాప్‌లో తీసుకోనా? ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకుంటే జబ్బు సంగతి చెప్పాలా?

జవాబు: యాప్ జోలికి వెళ్లొద్దు. మందులు ఎంతవుతాయో ఒక్కచోట కూడా అడగకుండా నోటు రాసిచ్చారు చూడండి, అసలు తప్పు అదే. పెద్ద జబ్బు పేరు వినగానే చాలామంది చేసేది ఇదే.

మీ బంధువులు చెప్పినది ఎప్పటి మాటో. 2013 చివర్లో హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84 వేల డాలర్లు. మరుసటి ఏడాదే మన కంపెనీలకు తయారీ లైసెన్సులు వచ్చాయి, 2015కల్లా హైదరాబాద్ కంపెనీలు హెటెరో, నాట్కో కూడా ఈ మందు చేసేస్తున్నాయి. సీసాకు 28 మాత్రలు, మీ కోర్సుకు మూడు సీసాలు. జనరిక్ మందులు బయట కొన్నా ఖర్చు వేలల్లోనే ఉంటుంది. అదీ కొనక్కర్లేదేమో, 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. రేపే రిపోర్టులు పట్టుకుని జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అడగండి. నూటికి 95 మందికి పైగా నయమయ్యే జబ్బు ఇది, డబ్బుల కోసం కోర్సు మాత్రం మధ్యలో ఆపకండి.

ఇప్పుడు అప్పు సంగతి. 3 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 9 వేలు, ఏడాదికి 36 శాతం! మిగిలిన 2 లక్షల 60 వేలు ఈ వారమే కట్టేసి, నోటు వెనక చెల్లు రాయించండి. తక్కిన 40 వేలకు బ్యాంకులో బంగారం పెట్టి లోన్ తీసుకోండి, ఫైనాన్స్ బాకీ మొత్తం తీర్చి నోటు చేతికి తెచ్చుకోండి.

వడ్డీకి పోయే ఆ 9 వేలు ప్రతి నెలా పక్కన పెడితే అయిదు నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. ఆ తర్వాత అదే 9 వేలు ఎమర్జెన్సీ ఫండ్‌కే వెళ్లాలి. ఇంటి ఖర్చు, షాపు అద్దె కలిపి నెలకు 30 వేలనుకుంటే ఆరు నెలలకు 1 లక్షా 80 వేలు, అంటే ఇరవై నెలల పని. మందు ఉచితంగా దొరికినా షాపు మూసిన రోజుల అద్దెను ఎవరూ కట్టరు కదా! కోర్సయ్యాక 12 వారాలకు రక్తంలో వైరస్ ఉందో లేదో చూసే వైరల్ లోడ్ పరీక్ష మళ్లీ ఉంటుంది, హెర్నియా ఆపరేషన్ ఎలాగూ ఉంది. ఈ డబ్బు చిట్టీలో వేయకండి, పాట మీకు అవసరమైన నెలలోనే వస్తుందని నమ్మకం లేదు. విడి సేవింగ్స్ ఖాతా, దానికి లింకైన ఎఫ్‌డీ చాలు. ఆ మొత్తం జమయ్యేదాకా మ్యూచువల్ ఫండ్ల మాటెత్తొద్దు.

పాలసీ ఫారంలో జబ్బు దాచారా, అసలు అవసరం వచ్చిన రోజున క్లెయిమ్ పోతుంది. నయమయ్యాక తీసుకున్నా రాయాల్సిందే. ప్రీమియం పెంచొచ్చు, కొన్ని కంపెనీలు ఇవ్వమనొచ్చు కూడా. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం, 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. ఇంట్లో వేసుకునే మాత్రలకు చాలా పాలసీల్లో ఎలాగూ డబ్బు రాదు, కాబట్టి ఈ కోర్సు కోసమని పాలసీకి పరుగెత్తకండి. ముందు ఆ నోటు చేతికి రానివ్వండి.