విభాగం మారే ముందు బిడ్డను చూసుకునే మనిషి ఎవరో తేలాలి

దేవరకొండ వైపు నుంచి అమెరికా వచ్చి, గ్రీన్ కార్డు మీద ఇక్కడి సైన్యంలో చేరిన ఒక చెల్లెలి సందేహం ఇది. ఆమె మూడేళ్లుగా సరఫరా విభాగంలో పనిచేస్తున్నారు. ఈ మధ్యలో విడాకులయ్యాయి. ఐదేళ్ల బాబు ఆమె దగ్గరే ఉన్నాడు. ఒప్పందం గడువు దగ్గర పడుతున్నందున, కొత్త ఒప్పందం రాసేటప్పుడు వైద్య విభాగానికి మారడం మేలా, యూనిఫాం వదిలి బయట ఉద్యోగం చూసుకోవడం మేలా అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా, నేను నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇదే యూనిఫాం వేసుకుని, ఒంటరిగా కూతురిని పెంచి, ఇప్పుడు టెక్సాస్‌లో స్థిరపడినదాన్ని. ఏ విభాగం అన్నది తరువాతి మాట. మీరు లేని నెలల్లో బాబును చట్టప్రకారం చూసుకోగల మనిషి ఎవరన్నది ముందు తేలాలి.

ఒంటరి తల్లిగా మీరు ఇప్పటికే ఫ్యామిలీ కేర్ ప్లాన్, అంటే మీరు లేనప్పుడు బిడ్డను ఎవరు చూస్తారో తెలిపే పత్రం, రాసి ఇచ్చి ఉంటారు. చాలామంది దానిని ఏడాదికొకసారి సంతకం పెట్టి మరిచిపోయే 5305 నంబరు ఫారంగానే చూస్తారు. నిజానికి ఈ ఉద్యోగం దాని మీదే నిలబడి ఉంది, ఎందుకంటే ఆ ఏర్పాటు లేదని తేలితే కమాండర్ మిమ్మల్ని సైన్యం నుంచి పంపించివేసే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. హఠాత్తుగా పిలుపు వస్తే వెంటనే బాబును తీసుకెళ్లడానికి దగ్గరలో ఉండే, సైన్యంలో లేని ఒకరు, నెలల తరబడి పెంచడానికి మరొకరు అందులో ఉండాలి. వారికి మీరు రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. బాబు తండ్రిని కాదని మీ అమ్మ పేరు రాస్తే, దానికి ఆయన సమ్మతి విషయమూ తేల్చుకోవాలి.

నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. పదహారు వారాల కోర్సుకు వెళ్లబోతూ అమ్మను విజిటర్ వీసా మీద రప్పించాను. బిడ్డ అలవాటు పడాలని ముందే రమ్మన్నాను. విమానాశ్రయంలో ఆమెకు ఆరు నెలల గడువు వేశారు. కోర్సు తేదీ రెండు నెలలు వెనక్కి జరిగేసరికి, గడువు చదువు మధ్యలో వచ్చి పడింది. పొడిగింపుకు దరఖాస్తు పెట్టవచ్చు గానీ, అమ్మ మనసు అప్పటికే ఊళ్లోని బత్తాయి తోట మీదికి వెళ్లింది, గడువు కాగానే తిరిగి వెళ్లిపోయింది. చివరి మూడు వారాలు జడ్చర్ల నుంచి వచ్చిన ఒక కుటుంబం మా పాపను తమ ఇంట్లో ఉంచుకుంది. వారి పేరు నా కాగితాల్లో లేదని బడివాళ్లు మొదటి రోజు పాపను పంపలేదు. ఆ రాత్రే కొత్త పత్రం రాయించి పంపవలసి వచ్చింది. అలాంటి పత్రాలను స్థావరంలోని లీగల్ అసిస్టెన్స్ కార్యాలయంలో ఉచితంగానే రాసిస్తారన్న సంగతి నాకు ముందు నుంచే తెలుసు, అయినా చేయించుకోలేదు.

బాబును దేవరకొండలో అమ్మమ్మ దగ్గర వదిలితే ఏమని మీరు అడిగారు. పిల్లలను ముసలివాళ్లకు అప్పగించి మేస్త్రీ వెంట వలస పోవడం మన వైపు, పాలమూరు వైపు తరాలుగా ఉన్నదే. అప్పుడు అవ్వను కాగితం అడిగినవారు లేరు. ఇప్పుడు పదహారేళ్ల లోపు బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు కావాలంటే, కోర్టు మీకు పూర్తి కస్టడీ ఇచ్చి ఉంటే తప్ప, తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. పైగా ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకెళ్లిన బిడ్డను వెనక్కి రప్పించడానికి వీలు కల్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అందుచేత తండ్రి అభ్యంతరం చెబితే బిడ్డను అక్కడికి పంపడానికి న్యాయమూర్తి వెనకాడవచ్చు. విడాకుల తీర్పును ఒకసారి న్యాయవాది చేత చదివించండి. మీరు విధులపై దూరంగా ఉన్నారన్న ఒక్క కారణంతో కస్టడీని శాశ్వతంగా మార్చకుండా సైనికులకు సమాఖ్య చట్టం కొంత రక్షణ ఇస్తుంది, కానీ ఆ రక్షణ తీర్పులో ఉన్న షరతులను చెరిపివేయదు.

కాబట్టి నా లెక్కలో మొదటి పని పౌరసత్వం. 2001 సెప్టెంబరు 11 తరువాతి కాలాన్ని యుద్ధకాలంగా ప్రకటించినందువల్ల, సైన్యంలో ఉన్న గ్రీన్ కార్డుదారులు అయిదేళ్లు ఆగనవసరం లేదు. దరఖాస్తు రుసుము కూడా లేదు. పౌరులైతే అమ్మకు గ్రీన్ కార్డు కోరవచ్చు. ఇరవయ్యొక్క ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇంతమందికే అన్న పరిమితి లేదు. అయితే ఆ కార్డు వచ్చాక ఆమె సగం కాలం దేవరకొండలో, సగం కాలం మనవడి దగ్గర అంటే కుదరదు. ఈ మాట ఆమెతో ముందే తెగేసి మాట్లాడండి. పౌరసత్వంతో మీకు మరో లాభం, భద్రతా అనుమతి అవసరమైన విభాగాలూ తెరుచుకుంటాయి.

ఇక కోర్సు. కొత్తవాళ్లు పొట్టి కోర్సును ఎంచుకుంటారు, త్వరగా ఇంటికి రావచ్చని. ఒంటరి తల్లికి అది తలకిందుల లెక్క. శిక్షణ ఇరవై వారాల లోపైతే తాత్కాలిక విధి అంటారు, బిడ్డ మీ వెంట రాడు. ఇరవై వారాలు, అంతకు పైన అయితే సాధారణంగా బదిలీ కింద లెక్కిస్తారు, ఇల్లు మార్చుకుని వెంట తీసుకెళ్లే వీలుంటుంది. కంబాట్ మెడిక్ శిక్షణ పదహారు వారాలు. పని మంచిదే, కానీ ఆ నాలుగు నెలలూ మీరు శాన్ ఆంటోనియోలో, బాబు మరో ఇంట్లో. తరువాత చేరే స్థావరంలోని సీడీసీలో, అంటే సైన్యం నడిపే పిల్లల సంరక్షణ కేంద్రంలో, చోటు కోసం ఆర్డర్లు చేతికి రాగానే పేరు నమోదు చేయండి. రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, కానీ వరుస మాత్రం పొడవైనదే.

పూర్తిగా బయటికి రావడం తప్పేమీ కాదు. మీ చదువుకు జీఐ బిల్, అంటే సైన్యంలో పనిచేసినవారి చదువు ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, 36 నెలల వరకు ఉంటుంది, మీ సేవాకాలాన్ని బట్టి దాని శాతం మారుతుంది. దానిని బాబు పేరిట బదిలీ చేయాలంటే మాత్రం ఆరేళ్ల సేవ పూర్తయి, మరో నాలుగేళ్లకు ఒప్పుకుని, యూనిఫాంలో ఉండగానే చేయాలి. మూడేళ్లకే వచ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకని కొత్త ఒప్పందం రాయించే రిటెన్షన్ అధికారి ఎదుట కూర్చున్నప్పుడు ముందు బోనస్ గురించి అడగకండి. ఆ కోర్సు ఎన్ని వారాలో, అది తాత్కాలిక విధో బదిలీయో కాగితం మీద చూపించమని అడిగి, దానిని పక్కన పెట్టుకుని మీ అమ్మకు ఫోన్ చేయండి.