లిఫ్ట్ కిట్ వేశాక పికప్ ముందు టైర్లు ఒకవైపే ఎందుకు అరుగుతాయి?

లిఫ్ట్ కిట్‌తో బండి ఎత్తు పెంచగానే చక్రాల కోణాల అమరిక, అంటే వీల్ అలైన్‌మెంట్ మారిపోతుంది, దాన్ని సరిచేయించకుండా నడపడం వల్లే చాలాసార్లు ఇలా అరుగుతాయి.

టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ లాంటి పికప్‌లలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉంటుంది. బాడీ పైకి లేస్తే చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లు, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్‌లు మరింత కిందికి వాలుతాయి. దాంతో చక్రం నిలబడే వాలు, అంటే క్యాంబర్ మారుతుంది. చక్రాలు చూసే దిశ, అంటే టో కూడా తప్పుతుంది. టైరును త్వరగా తినేసేది ఈ టోనే. చక్రం దొర్లుతూనే కాస్త పక్కకు ఈడ్చుకుపోతుంది మరి.

ముందు 2 అంగుళాలు లేపిన హైలక్స్‌లో లోపలి అంచు అరుగుతోందనుకోండి. ట్రెడ్ మీద, అంటే టైరు నేలను తాకే భాగం మీద చేత్తో అడ్డంగా అటూ ఇటూ నిమరండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపంలా తగిలితే టో తప్పినట్టు. అంచు నున్నగానే అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు చూపించండి.

వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే చాలని చాలామంది అనుకుంటారు. అది వణుకును తగ్గిస్తుంది గానీ చక్రాల కోణాలను మార్చదు. టైర్లు రొటేట్ చేసినా అరుగుదల నాలుగింటికీ పంచుకుంటుంది, అంతే.

కిట్ వేసిన వెంటనే అలైన్‌మెంట్ చేయించండి, స్ప్రింగులు కుదురుకున్నాక మరోసారి చూపించండి. అప్పటికీ క్యాంబర్ కంపెనీ చెప్పిన పరిధిలోకి రాకపోతే, అడ్జస్ట్ చేసుకోగల అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్‌లు) వేయించాల్సిందే. ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.