టెక్ సందేహాలు: సంతకాన్ని యంత్రం ఎలా గుర్తుపడుతుంది?

ప్రశ్న: మా కార్యాలయంలో ఇకపై ట్యాబ్లెట్ మీద ఎలక్ట్రానిక్ పెన్నుతో సంతకం చేయాలంటున్నారు. ఎవరైనా సాధన చేసి అచ్చం నాలాగే సంతకం పెడితే యంత్రం పట్టుకోగలదా? నా సంతకమే రోజుకో తీరుగా ఉంటుంది. నన్నే కాదంటే?

జవాబు: మీ రెండు భయాలూ న్యాయమైనవే. కాగితం మీద మిగిలేది గీత ఒక్కటే. ట్యాబ్లెట్ ఆ గీత పుట్టిన తీరును కూడా నమోదు చేస్తుంది. పెన్ను మొన ఏ క్షణాన ఎక్కడుంది, ఎంత గట్టిగా నొక్కారు, ఎక్కడ ఎత్తి మళ్లీ ఎక్కడ ఆనించారు అన్నవి సెకనుకు 100, కొన్ని పరికరాల్లో 200 సార్లు కొలుస్తుంది. ఫోర్జరీ చేసేవారు ఆకారం తప్పకూడదని జాగ్రత్త పడతారు. ఆ జాగ్రత్తే చేతిని నెమ్మదింపజేస్తుంది, మలుపుల దగ్గర తడబాటు తెస్తుంది. మీ చెయ్యి మాత్రం అలవాటుగా సాగిపోతుంది. ఈ తేడాయే నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. అయితే బాగా సాధన చేసినవారు కొన్నిసార్లు దీన్నీ దాటగలరు.

ఇక రోజుకో తీరు సంగతి. మొదట మీ చేత నాలుగైదు సంతకాలు చేయించుకునేది అందుకే. డైనమిక్ టైమ్ వార్పింగ్ అనే లెక్క ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా చేసిన సంతకాలను కాలం సాగదీసి, కుదించి సరిపోల్చుతుంది. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలన్నది నిర్వాహకుల నిర్ణయం. హద్దు బిగిస్తే మిమ్మల్నే తిప్పి పంపవచ్చు, వదులు చేస్తే ఫోర్జరీ జారిపోవచ్చు. అందుకే నమూనాలు ఇచ్చేటప్పుడు అందంగా దిద్దకండి, రోజూ చేసినట్టే చేయండి. రెండక్షరాల పొట్టి సంతకం కన్నా పూర్తి పేరు మేలు. వేలితో గీస్తే ఒత్తిడి వివరాలు సాధారణంగా దొరకవు కాబట్టి పెన్నే వాడండి. వేలిముద్ర బయటికి పొక్కితే మార్చుకోలేం, సంతకాన్ని మార్చుకోవచ్చు. అది పెద్ద ఊరట.

అన్నిటికన్నా ముందు ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి: వారి సాఫ్ట్‌వేర్ కదలికలను సరిచూస్తుందా, బొమ్మను మాత్రమే దాచుకుంటుందా? బొమ్మ మాత్రమే అయితే అది బయోమెట్రిక్ భద్రతే కాదు, ఎవరైనా కాపీ చేసి మరో పత్రంలో అతికించవచ్చు. డిజిటల్ సంతకం అన్నది మళ్లీ వేరు. అది రహస్య కీతో పత్రం మారలేదని రుజువు చేస్తుంది, మీ చేతిని గుర్తుపట్టదు. డబ్బు, ఆస్తి పత్రాలకైతే సంతకంతో పాటు ఓటీపీ వంటి రెండో తనిఖీ కూడా ఉండాలని పట్టుబట్టండి.