రేవు లెక్క వేరు, ఏటి లెక్క వేరు

(గోదావరి చేపల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు, నదిలో సహజంగా పెరిగే చేపల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఒకరు ఇస్తున్న జవాబులు. ఎర్రనీటి కాలం కదా, ఈసారి ఉత్తరాలన్నీ పులస చుట్టూనే.)

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు వశిష్ఠలో వేటకి వెళ్తారు. నాకు ఏటి చేపల మీద పరిశోధన చెయ్యాలని ఉంది. ఇంట్లో మాత్రం "చేపల కంపు తప్పించడానికే కదే నిన్ను చదివిస్తున్నాం" అంటున్నారు. అసలు మీరు రోజూ ఏం పని చేస్తారు? ఉద్యోగాలు ఉంటాయా?
– డిగ్రీ విద్యార్థిని, రాజోలు

జవాబు: అమ్మా, కంపు తప్పదని మీ ఇంట్లో ముందే చెప్పేసెయ్. ఇంకో సంగతి కూడా చెప్పు. ఇది చేపలు పట్టే పని కాదు, పట్టినవాళ్ల పక్కన నిలబడి బతిమాలుకునే పని.

జూలైలో ఎర్రనీరు తగలగానే మా హడావిడి మొదలవుతుంది. సముద్రంలో విలసగా తిరిగిన చేప గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుకుంటూ గౌతమి, వశిష్ఠ పాయల్లోకి వచ్చి పులస అనిపించుకుంటుంది. సెప్టెంబరు దాకా మాకు వేరే ధ్యాస ఉండదు. తెల్లారకముందే రేవులో ఉండాలి. పడవ ఒడ్డుకి తగిలిన కాసేపటికే చేప వేలంలోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి ఎవరిదో కారు డిక్కీలోకి. మా పనంతా ఆ మధ్యలోనే అయిపోవాలి. కొలత గీతలున్న పలక మీద చేపను పడుకోబెట్టి తోక చివరి దాకా ఒక పొడవు, తోక చీలిక దాకా ఇంకో పొడవు రాసుకుంటాం. తూకం వేస్తాం. రెక్క అంచు గోరంత కత్తిరించి ఆల్కహాల్ ఉన్న బుల్లి సీసాలో వేస్తాం, అది జన్యు పరీక్షకి. నాలుగు పొలుసులు కవర్లో పెట్టుకుంటాం. పులస పొలుసు చెయ్యి తగిలితేనే ఊడొస్తుంది కాబట్టి దానికి ఎవరూ గొడవ పెట్టుకోరు. ఇంతవరకూ అంతా ఉచితమే.

అసలు కథ చేప లోపల ఉంటుంది. తలలో మెదడుకి అటూ ఇటూ చెవిరాళ్లు ఉంటాయి. ఓటోలిత్ అంటారు. వాటిని తీసి, అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే పొర మీద పొర కనిపిస్తుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ, ఏటి నీటిలో తక్కువ. ఒక్కో పొరలో కాల్షియంతో పోలిస్తే స్ట్రాన్షియం ఎంతుందో చూస్తే, ఆ చేప ఎప్పుడు ఉప్పునీటిలో ఉందో, ఎప్పుడు మంచినీటిలోకి వచ్చిందో బయటపడుతుంది. ఇక పొట్టలోని శెన, అంటే గుడ్ల ముద్ద. దాని బరువుని చేప బరువుతో పోల్చి చూస్తే గుడ్లు పెట్టడానికి ఎంత దగ్గరపడిందో తెలుస్తుంది. కొంచెం శెన తూచి, అందులో గుడ్లు లెక్కపెట్టి మొత్తానికి లెక్క కడతాం. పెద్ద ఆడ చేపలో లక్షల్లో ఉంటాయి.

ఇప్పుడు చిక్కు చూడు. మనకి కావలసినవి తల, శెన. వేలకు వేలు పోసి పులస కొన్న మనిషి డబ్బిచ్చేదే ఆ తలకీ, ఆ శెనకీ! "తల కోసి చూసి ఇచ్చేస్తామండి" అంటే చూసే చూపు ఎలా ఉంటుందో మీ నాన్నగారినడుగు, చెబుతారు. అందుకే చేపను మొత్తంగా మేమే కొనుక్కోవాలి. కొంటే బిల్లు పెట్టాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట లెక్కల సెక్షన్ వాళ్లు "పులస" అని రాసి ఉన్న రసీదు చూసి మేమేదో విందు చేసుకున్నామనుకున్నారు. పైగా, రేవులో గంపతో అమ్మే ఆవిడ దగ్గర జీఎస్టీ నంబరు తీసుకురమ్మన్నారు. ఆ ఫైలు తిరిగినంత కాలం పులస కూడా ఏట్లో తిరిగి ఉండదు. తలా శెనా తీసేశాక మిగిలిన చేప ఏమవుతుందని మాత్రం అడక్కు.

వరద తీశాక ల్యాబ్, తర్వాత కంప్యూటర్. లెక్కలంటే భయం ఉంటే ఇప్పుడే వదిలించుకో. ఈ పనిలో జువాలజీ కన్నా స్టాటిస్టిక్స్ ఎక్కువ టైం తీసుకుంటుంది.

ఉద్యోగాల సంగతి దాచను. భీమవరం, ఉండి వైపు వెళ్తే రొయ్యల చెరువుల మీద, హేచరీల్లో, మేత కంపెనీల్లో పని త్వరగా దొరుకుతుంది. ఎవరూ పెంచకుండా ఏట్లో తనంతట తాను పెరిగే చేప మీద కొలువులు తక్కువ. ఎమ్మెస్సీలో ఫిషరీస్ గానీ మెరైన్ బయాలజీ గానీ తీసుకో. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీకి డబ్బు టెన్షన్ తగ్గుతుంది. కేంద్ర సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టుకి ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష ఉంటుంది. నదులూ చెరువుల చేపలకి బారక్‌పూర్‌లో సిఫ్రీ, సముద్రపు చేపలకి కొచ్చిలో సీఎంఎఫ్ఆర్ఐ ఉన్నాయి. సీఎంఎఫ్ఆర్ఐకి విశాఖలోనూ కేంద్రం ఉంది. మీ ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివే చెల్లో తమ్ముడో ఉంటే ఈఏపీసెట్ రాయించి నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీలో (ఫిషరీస్ డిగ్రీ) చేర్పించండి, అది ఇంకా సూటి దారి.

ఈలోగా ఒక పని చెయ్. నోట్‌బుక్ తీసుకుని మీ నాన్నగారు వేటకి వెళ్లిన ప్రతిరోజూ రాయి. వల పొడవెంత, వల కన్ను (రంధ్రం) ఎంత, ఎన్ని గంటలు నీళ్లలో ఉంది, ఎన్ని పడ్డాయి. ఏమీ పడని రోజు సున్నా అని రాయి. చాలామంది ఆ రోజుని వదిలేస్తారు. ఆ సున్నాలు లేని లెక్క నాకు పనికిరాదు. ఎందుకో కింద అంతర్వేది అన్నయ్యకి రాసిన జవాబులో చూడు.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ అద్దాల కిటికీలోంచి సాల్మన్ చేపలు ఎదురీదడం వీడియోలో చూపించాడు. కొన్ని డ్యాముల దగ్గర ఒక్కో చేపనీ లెక్కపెడతారట. మన పులసకీ అలా చెయ్యకూడదా? రెండూ ఒక జాతివేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, నడవడిక ఒకలాంటిదే గానీ చుట్టరికం లేదు. పులసకి దగ్గర చుట్టాలు మన కవళ్లు. సాల్మన్ వేరే కుటుంబం. సాల్మన్ పిల్లలు నదిలో గులకరాళ్ల మధ్య పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, పుట్టిన వాగు నీటి వాసన పట్టుకుని మళ్లీ అక్కడికే వస్తాయి. పసిఫిక్ సాల్మన్ రకాలు చాలావరకు గుడ్లు పెట్టగానే చచ్చిపోతాయి. పులస అలా కాదు, పని చూసుకుని సముద్రానికి తిరిగి వెళ్లగలదు.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. కొలంబియా నది మీద బోన్‌విల్ డ్యాములో చేపలు ఎక్కడానికి మెట్ల దారి ఉంది. 1938 నుంచీ అక్కడ దాటే చేపల్ని లెక్కపెడుతున్నారు. అంత వరుస లెక్క చేతిలో ఉన్న తోటి శాస్త్రవేత్తల్ని చూస్తే నాకు కుళ్లు, ఒప్పుకుంటాను. వాళ్ల తలనొప్పి వేరు. హేచరీలో పుట్టించి వదిలినవీ, నదిలోనే పుట్టినవీ కలిసిపోతాయి. అందుకని చాలా హేచరీల్లో పిల్లలకి వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వురెక్క కత్తిరించి వదులుతారు. పులసకి ఆ గొడవ లేదు. చెరువులో పెంచి అమ్మే దశ ఇంకా రాలేదు కాబట్టి రేవులో మనం చూసేది ఏట్లో, సముద్రంలో పెరిగిందే.

కిటికీ సంగతంటారా? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పెట్టినా ఆగస్టు నీటిలో చూస్తే టీ గ్లాసులోంచి చూసినట్టుంటుంది. పైగా మనది ఒక్క దారి కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయలకీ కలిపి 175 గేట్లు. చేపలు ఎక్కడానికి ఒక్క ఇరుకు దారి ఉంటే కదా దాని పక్కన కూర్చుని లెక్కపెట్టేది! కాబట్టి మన దగ్గర పులస ఉనికి చెప్పేది వల ఒక్కటే.

మీరు అడగలేదు గానీ మీ ఉత్తరం వెనక ఇంకో ప్రశ్న నాకు కనిపిస్తోంది. అమెరికాలో ఎల్వా నది మీద 2011–14 మధ్య రెండు డ్యాములు, క్లామత్ మీద 2024 నాటికి నాలుగు డ్యాములు తీసేశారు. క్లామత్‌లో పని పూర్తయిన కొద్ది వారాల్లోనే సాల్మన్ పైకి వెళ్లాయి. మన దగ్గర ధవళేశ్వరంలో 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. అది పులసకి అడ్డమే, నిజం. కానీ తీసెయ్యాలని నేనంటే కాటన్ విగ్రహం ముందే నన్ను నిలదీస్తారు, తప్పులేదు కూడా. ఆ నీటితో పండిన బియ్యమే తిని పెరిగాను. పోలవరం స్పిల్‌వేలో చేపలకి మెట్ల దారి పెట్టారు, సంతోషం. అయితే సముద్రం నుంచి వచ్చే చేపకి ముందు తగిలేది ధవళేశ్వరం. అక్కడ దారి గురించి ఆలోచించకుండా పైన ఎంత కట్టినా పులసకి ఒరిగేది కొంచెమే అని నా అభిప్రాయం.

ప్రశ్న: పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. అమ్మి కొన్నాక అది పులస కాదని తేలితే? అసలుదాన్ని ఎలా గుర్తుపట్టాలి?
– గృహిణి, తణుకు

జవాబు: అక్కా, పుస్తెలు భద్రంగా ఉంచుకోండి. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసులో వచ్చేది కూడా ఇదే జాతి, కాబట్టి చూపుతో తేల్చేస్తానని ఎవరన్నా నమ్మకండి. వరద రోజుల్లో రేవుకే వెళ్లి, పడవలోంచి దిగిన, ఇంకా ఐసు తగలని చేపని కొనుక్కోండి. అది కుదరకపోతే విలస అనుకునే, విలస ధరకే కొనుక్కోండి. అదీ మంచి చేపే.

ప్రశ్న: ఆయ్ మేడంగారూ, మీలాంటోళ్లు పుస్తకాలట్టుకుని వస్తారు. ఎన్ని పడ్డాయి, ఎక్కడ పడ్డాయని రాసుకెళ్తారు. తరవాత పేపర్లో "పులస అంతరిస్తోంది" అని వేస్తారు. రేపు వేట ఆపమంటారు. మా లెక్క మీకెందుకివ్వాలండీ?
– వేటగాడు, అంతర్వేది

జవాబు: అన్నయ్యా, మీ కోపం న్యాయమైనదే. ఇవ్వాలా వద్దా అన్నది జవాబు విన్నాక మీరే తేల్చుకోండి.

పోయినేడు మీ రేవుకి పది పడవలు కలిసి వంద పులసలు తెచ్చాయనుకుందాం. ఈ ఏడు ఇరవై పడవలు వెళ్లి మళ్లీ వందే తెచ్చాయి. రేవు లెక్క చూస్తే తేడా లేదు. పడవ లెక్క చూస్తే సగమైపోయింది, అది ప్రమాదం. తిరగేసి చూడండి. ఐదు పడవలే వెళ్లి యాభై తెస్తే రేవులో సగం పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏట్లో చేప తగ్గలేదు, వెళ్లిన పడవలు తగ్గాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వస్తే ఎంతమంది వల దించుతారు? 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రోజుల్లో రేవు ఖాళీగా ఉంటే అది పులస లేకపోవడం కాదు, మీరు బతికి ఉండాలనుకోవడం. ఈ తేడా కాగితం మీద కనపడాలంటే, వల ఎన్ని గంటలు నీళ్లలో ఉందో, ఎన్ని రోజులు అసలు దిగలేదో మీరు చెప్పాలి. మీరు చెప్పకపోతే ఎవరో ఒకరు రేవు లెక్క ఒక్కటే పట్టుకుని "తగ్గిపోయింది" అని రాస్తారు. అప్పుడు కాదనడానికి నా దగ్గరా ఏమీ ఉండదు.

ఇంకొకటి. కొంతమంది మంచి చోటు బయటపడుతుందని తక్కువ చెబుతారు. చోటు పేరు నాకు అక్కర్లేదు. బ్యారేజీ కిందా, మధ్యలోనా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరా, అంత చాలు. పడవకి ఒక నంబరు ఇచ్చుకుంటాం, మనిషి పేరు రాయం.

వేట ఆపే మాటకొస్తే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంది, దానికి 2025లో భృతిని కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. అది అయిపోయాక గానీ పులస కాలం రాదు. కాబట్టి శెన మీదున్న చేపకి ఆ నిషేధంతో నేరుగా అందే రక్షణ తక్కువ. అలాగని ఎర్రనీటి కాలంలో కూడా వల ఎత్తేయమని నేను అడగను. ఏడాదిలో మీకు నాలుగు డబ్బులు కనపడే రోజులవి. నేను అడిగేది పిల్లల గురించి. వరద తీశాక ఏట్లో పెరిగి సముద్రం వైపు దిగే పిల్ల చేపలు చిన్న కన్ను వలల్లో పడి, ఎండుచేపల కుప్పలో కలిసిపోతున్నాయి. ఒక శెన పులసని వదిలేస్తే మీకు వేలల్లో నష్టం. ఆ పిల్లల్ని వదిలేస్తే పోయేది చాలా కొంచెం.

బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్ల లోపు పిల్ల హిల్సాని (మన పులస జాతే) పట్టకూడదని నిషేధం పెట్టారు. అక్టోబరులో గుడ్లు పెట్టే వేళ 22 రోజులు వేట ఆపుతారు. ఆ రోజుల్లో వేటగాళ్ల కుటుంబాలకి బియ్యం ఇస్తారు. అందరికీ అందడం లేదనీ, చాలడం లేదనీ అక్కడా గొడవలున్నాయి. ఇంటికి గింజ చేర్చకుండా "ఆపండి" అనే శాస్త్రవేత్త ఎవరైనా సరే, ఆ మీటింగులో నేను మీ పక్కన కూర్చుంటాను.

మీ షరతులేవో చెప్పండి. నా వైపు నుంచి ఒకటి ఒప్పుకుంటున్నాను. ఈ సీజను లెక్కలు రిపోర్టులో ఎక్కకముందే మీ ఊళ్లో తెలుగులో చదివి వినిపిస్తాం. తప్పనిపించిన అంకె దగ్గర అక్కడే ఆపించండి. మీ ఊరి అభ్యంతరం కూడా రిపోర్టులో ఉంటుంది. రాత్రి వేటకి వెళ్లేవాళ్లకి ఏ వేళ కుదురుతుందో మాత్రం ముందుగా కబురు పెట్టండి, మేం పగలు వస్తే మీరు నిద్రలో ఉంటారు.