చైనా అత్తగారితో మాట్లాడాలంటే మాండరిన్ క్లాసు ఒక్కటే చాలదు

"నాకు కాబోయే భార్యది చైనా. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. వాళ్ల అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాదు. చైనీస్ నేర్చుకోవడం నిజంగా అవసరమా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

అవసరమే. అందులో రెండో మాట లేదు. అమ్మాయితో మాట్లాడటానికి మీకు ఇంగ్లీషు ఎలాగూ ఉంది. చైనీస్ అవసరం వచ్చేది ఆ అమ్మాయి గదిలో లేనప్పుడు, మీరూ వాళ్లమ్మా ఇద్దరే మిగిలినప్పుడు. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకోను. భాష రాని అల్లుడు ఉన్న ఇంట్లో భార్య జీవితాంతం దుబాసీ పని చేస్తూనే ఉంటుంది. భోజనాల దగ్గర వాళ్లమ్మ ఐదు నిమిషాలు ఏదో చెబుతుంది, కూతురు "ఇంకొంచెం తినమంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పాపం నోట్లో ముద్ద పెట్టుకుని ఎంతసేపని చెబుతుంది?

మా ఆవిడది చెంగ్దూ, సిచువాన్ రాష్ట్ర రాజధాని. సింగపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేటప్పుడు పరిచయమయ్యాం, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాం. 2019లో మా పాప పుట్టినప్పుడు మా అత్తగారు చెంగ్దూ నుంచి వచ్చారు. ఊళ్లో నుంచి మా అమ్మా వచ్చింది. ఒక బాలింత, ఇద్దరు తల్లులు, ఒకే వంటిల్లు. ఇక చూసుకోండి.

చైనాలో కూడా బాలింతని నెల రోజులు ఇల్లు కదలనివ్వరు. చన్నీళ్లు ముట్టనివ్వరు, గాలి తగలనివ్వరు. ఇంతవరకూ మా అమ్మకీ ఆవిడకీ ఏ పేచీ లేదు, ఫ్యాన్ ఎవరు ముందు ఆపుతారా అని పోటీ కూడా పడ్డారు. స్నానం దగ్గర మొదలైంది. మన దగ్గర ఒళ్లంతా నూనె పట్టించి, కుంపటంత వేడి నీళ్లు తలారా పోసి, సాంబ్రాణి పొగ పట్టాలి. వాళ్ల పాత పద్ధతిలో ఆ నెలంతా తల తడపకూడదు. ఇది మా ఆవిడే తేల్చుకుంది, తలస్నానం చేస్తానంది, అంతటితో అయిపోయింది.

కానీ తిండి గొడవ వచ్చిన పొద్దున మా ఆవిడ రాత్రంతా పాపతో మేలుకుని అప్పుడే నిద్రపోయింది. లేపడానికి నాకు మనసొప్పలేదు. వంటింట్లో మా అమ్మ వెల్లుల్లి వేసి కారప్పొడి దంచుతోంది. మా అత్తగారు ఫోన్‌లో పంది బొమ్మ చూపిస్తూ, రెండో చేత్తో తన మడమ తట్టి చూపిస్తున్నారు. పాలు పడాలంటే పంది కాళ్లు పల్లీలు వేసి గంటల తరబడి ఉడికించిన సూప్ తాగించాలని వాళ్ల ఆనవాయితీ. మా అమ్మ ముఖం చూడాలి అప్పుడు. "ఒరేయ్, ఈవిడ పంది అంటోందిరా! మనింట్లోనా?"

నాకు అప్పటికి వచ్చిన చైనీస్ ఏపాటిది? అప్పటి పద్ధతిలో హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్ష మూడో లెవెల్‌కి 600 పదాలు. నేను చదివిన పాఠాల్లో లైబ్రరీ ఎక్కడుంది, ఇవాళ ఎండగా ఉందా, నీకు ఏ రంగు ఇష్టం, అన్నీ ఉన్నాయి. అల్లం లేదు. మడమ లేదు. బాలింత అసలే లేదు. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లకి అత్తగార్లు ఉండరా అని నాకు ఇప్పటికీ కోపం. అయినా మేక అనడం వచ్చు, కాలు ఆవిడే చూపించారు, కాబట్టి "మా, పంది వద్దు, మేక కాళ్లు తెస్తాను" అని చెప్పగలిగాను. "మా" అంటే అమ్మే, పెళ్లయ్యాక అల్లుడూ అలాగే పిలవాలి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "యావ్ దే" అన్నారు. సిచువాన్ వాళ్లు సరే అనేది అలాగే.

మూసాపేటలో మటన్ షాపుకి వెళ్లి మేక కాళ్లు కాల్పించి, గీకించి, ముక్కలు కొట్టించి తెచ్చాను. పాయా అనగానే మా అమ్మ మెత్తబడింది, అది తనకి తెలిసిన వంటే కదా. ఇక మిగిలింది పల్లీలు. "పల్లీలు పైత్యంరా, పసిదానికి కడుపునొప్పి వస్తుంది" అని అమ్మ. వేడి చేసేవి, చలువ చేసేవి అన్న లెక్క చైనా వాళ్ల దగ్గరా ఉంది, మనంత పట్టుదలగానే పాటిస్తారు కూడా. ఆ లెక్కలో పెట్టి చెప్పేసరికి ఆవిడ వాదించలేదు. గిన్నెలో పోసిన పల్లీలు చేత్తో తీసి, తడి తుడిచి, మళ్లీ కవర్లో కట్టేశారు. తర్వాత మా అమ్మ డబ్బాలోంచి సొంఠి పొడి తీస్తే వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకున్నారు. బాగుందన్నట్టు తలూపి, ఒక చెంచా చాలు అనుకున్న చోట రెండు వేయించారు.

ఆ సూప్ ఉడుకుతున్నంతసేపూ నేను పొయ్యి దగ్గరే నిలబడ్డాను. అప్పుడు ఆవిడ తన పురుడు సంగతి చెప్పారు. వాళ్లమ్మ నేయ్‌జియాంగ్ అనే ఊరి నుంచి రైల్లో, బుట్టలో బతికున్న కోడిపెట్టను పెట్టుకుని చెంగ్దూ వచ్చిందట, కూతురికి సూప్ చేసి పెట్టడానికి. దారిలో కోడి గుడ్డు పెట్టిందట కూడా. నాకు సగమే అర్థమైంది, మిగతాది సాయంత్రం మా ఆవిణ్ణి అడిగాను. తను ఆ కథ ఎప్పుడూ వినలేదు! కూతురికి ముప్పై ఏళ్లలో చెప్పని సంగతి, వచ్చీరాని భాష మాట్లాడే అల్లుడికి చెప్పారు, పక్కన వేరే ఎవరూ లేరు కాబట్టి. చైనీస్ ఎందుకు నేర్చుకోవాలని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే.

ఇక ఎలా మొదలుపెట్టాలన్నది. ముందు ఆ అమ్మాయిని వాళ్ల ఇంట్లో ఏం మాట్లాడతారో అడగండి. మాండరిన్ బడిలో, టీవీలో వినిపించే భాష. ఇంట్లో కాంటనీస్ కావచ్చు, హక్కా కావచ్చు, అవి మాండరిన్ వచ్చినవాళ్లకి కూడా అర్థం కావు. సిచువాన్ యాస మాండరిన్‌కి దగ్గరిదే, అయినా స్వరాలు, అంటే మాటలో గొంతు ఎక్కీ దిగే తీరు, వేరుగా ఉంటాయి, చాలామంది నోట్లో 'న' 'ల' అయిపోతుంది. పాలని క్లాసులో 'నాయ్' అని నేర్పితే మా అత్తగారు 'లాయ్' అంటారు. క్లాసు మానమని కాదు, మాండరిన్ పునాది కావాలి. దాంతోపాటు వాళ్లమ్మ గొంతు రోజూ చెవిన పడాలి. ఫోన్‌లో ఆవిడ పంపే వాయిస్ మెసేజ్‌లు దాచుకుని పదే పదే వినండి, ఏ కోర్సూ అంత నేర్పదు.

రెండోది, ఇంగ్లీషు అక్షరాలని నమ్మొద్దు. చైనీస్ మాటలని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి 1958 నుంచి చైనా వాడుతున్న పిన్యిన్ లిపిలో 'బి' అని రాసి ఉన్నది నిజానికి 'ప'కి దగ్గర, 'పి' అన్నది ఒత్తు 'ఫ', 'డి' అన్నది 'త', 'టి' అన్నది 'థ'. తౌఫు (మనం టోఫు అనే సోయా పనీర్) పిన్యిన్‌లో 'డి'తో మొదలవుతుంది, బీజింగ్ వాళ్ల నోట్లో 'పెయ్‌చింగ్'. ఇది తెలుగులో రాసుకుంటే ఒక్క పూటలో ఎక్కేస్తుంది, ఒత్తులూ పొల్లులూ మనకి చిన్నప్పుడే వచ్చు. ఇంగ్లీషులో నేర్చుకున్న నా స్నేహితులు ఇప్పటికీ తడబడుతున్నారు. అక్షరం పైన స్వరం గీతలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. 'థాంగ్' అని గొంతు పైనే సమంగా సాగదీస్తే సూప్, కింది నుంచి పైకి లేపితే పంచదార. బాలింత వంటింట్లో రెండూ రోజూ కావాలి.

వరసలు మనకి సులువు. అన్న వేరు, తమ్ముడు వేరు, పెదనాన్న వేరు, బాబాయి వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ చతికిలపడతారు, మనం హాయిగా దాటేస్తాం. మొదటి వారమే వాళ్ల బంధువులందరి వరసలూ కాగితం మీద రాయించుకోండి, పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకూడదు, అక్కడా అంతే.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఇక్కడ రోడ్డు పక్కన షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ అని అమ్మే ఎర్ర అన్నం చూపించి "మీ ఊరి వంటే కదా" అని ఆ అమ్మాయిని అడగకండి. మా ఆవిణ్ణి బంధువులందరూ అడిగారు. సిచువాన్ వంటకి ప్రాణం నాలిక తిమ్మిరెక్కించే అక్కడి మిరియం, అది ఈ బండ్ల మీద ఉండదు. పాములు తింటారా అని అడిగే చుట్టాలకి మాత్రం మీరే సమాధానం చెప్పాలి, తనచేత చెప్పించకూడదు.

ఫోన్ సంగతి కూడా ముందే చూసుకోండి. 2020 జూన్‌లో మన దేశంలో 59 చైనా యాప్‌లు ఆపేశారు, అందులో వీచాట్ ఒకటి. అక్కడ వాట్సాప్ మామూలుగా పనిచెయ్యదు. పెద్దవాళ్లకేమో వీచాట్ తప్ప వేరే అలవాటు లేదు. మా బామ్మర్ది తన పాత ఐఫోన్ వాళ్లకి ఇచ్చాక ఫేస్‌టైమ్‌లో కుదురుకున్నాం. మనకంటే వాళ్ల గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, తిని, తొమ్మిదింటికి తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ రాత్రి పదకొండున్నర. పొద్దున్నే చెయ్యండి, మీకు ఏడు, వాళ్లకి తొమ్మిదిన్నర, అప్పటికి వాళ్లమ్మ మార్కెట్ నుంచి వచ్చి కూరగాయలు సర్దుకుంటూ ఉంటారు. ఏం తెచ్చారని అడగండి చాలు, మిగతాది ఆవిడే మాట్లాడతారు.