అమ్మ గొంతు వణుకుతాంది, యాప్ పార్కిన్సన్స్ అంటాంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల. అమ్మకు 58 ఏండ్లు, మా వాడకట్టుల బతుకమ్మ పాట ఎత్తుకునేది అమ్మనే. రెండేండ్ల సంది మాట్లాడితే గొంతు వణుకుతాంది, రాగం తీస్తే ఇంకా ఎక్కువ. చాయ్ కప్పు పట్టుకుంటే చెయ్యి కూడా కొంచెం వణుకుతది, ఊరికె కూసున్నప్పుడు ఏం ఉండదు. మా అమ్మమ్మకు తల ఊగేది. మొన్న తమ్ముడు ఏదో యాప్‌ల అమ్మ గొంతు రికార్డ్ చేస్తే జిట్టర్ ఎక్కువుంది, పార్కిన్సన్స్ రిస్క్ అని వచ్చింది, ఇగ అప్పటి సంది అమ్మ సరిగ తింటలేదు. రికార్డింగ్ తోని రోగం తెలుస్తదా?

జవాబు: ముందుగాల ఆ యాప్‌ను పక్కన పెట్టి అమ్మను కడుపునిండ తిననియ్యి బిడ్డా. జిట్టర్ వేరు, వణుకు వేరు. ఆడవాళ్ల గొంతుల స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటయి, ఒక దెబ్బకూ దాని పక్క దెబ్బకూ టైంల వచ్చే చిన్న తేడానే జిట్టర్, అది జలుబు చేసినా పెరుగుతది, గొంతు వాచినా పెరుగుతది, పైన ఫ్యాన్ చప్పుడు రికార్డయినా లెక్క తప్పొచ్చు. వణుకు అట్ల కాదు, సెకనుకు 5 సార్లు వచ్చిందనుకో, ఒక్కో అలల 40 దెబ్బలు పడుతయి.

మేం ఏం జేస్తమంటే, ఊపిరి ఉన్నంతసేపు ఒక్క తీరుగ "ఆ..." అనమంటం, ఆ రికార్డింగ్‌ను ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌ల తెరుస్తం, అది ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఫ్రీగనే దొరుకుతది. మామూలు గొంతైతే స్వరం గీత సాపుగ పోతది, వణికే గొంతుకు భద్రకాళి చెరువుల గాలికి అలలు లేచినట్టు ఎత్తులు, పల్లాలు కనపడుతయి. ఒక్క సెకను ముక్క తీసుకొని ఎత్తులు లెక్కపెడ్తం. 4 నుంచి 8 దాకా ఉండి, వరుస తప్పకుండ వస్తే ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చని చూస్తం, అంటే ఏదన్న పని చేస్తున్నప్పుడు వచ్చే వణుకు జబ్బు, చానమందికి ఇంట్ల పెద్దలనుంచి వస్తది. 8 దాటి 12 దాకా సన్నగ, వేగంగ ఉంటే థైరాయిడ్ ఎక్కువుందా, ఉబ్బసం ఇన్‌హేలర్ వాడుతున్నరా, బాగ బుగులు పడ్తున్నరా అని అడుగుతం.

అలలు కాకుండ గొంతు నడుమ నడుమ బిగుసుకొని మాట తెగుతుంటే అది స్పాస్మోడిక్ డిస్ఫోనియా కావచ్చు. దానికి నేను రెండు వాక్యాలు చదివిస్త. "మా అన్న మేనమామ ఊరు వేములవాడ" అంటే ప్రతి అక్షరానికీ స్వరతంత్రులు మోగాలె, "కాకి తోక కాస్త పొట్టి" అంటే హల్లు హల్లుకూ వాటికి కొంచెం విరామం. ఎక్కువమందిల కనిపించే రకమైతే మొదటి వాక్యంల తడబడుతరు, రెండోది నయం, గుసగుసగ అంటే ఇంకా నయం. "స్..." అని ఊదమన్నప్పుడు కూడా చప్పుడు ఊగుతుందంటే వణుకు ఒక్క స్వరతంత్రులదే కాదు, ఊపిరి కండరాలల్ల కూడా ఉన్నట్టు.

ఇగ నీ అసలు భయం. పార్కిన్సన్స్ గొంతు వణుకు కూడా ఇంచుమించు 4 నుంచి 7 లనే పడుతది, అందుకే గీత ఒక్కటి చూసి ఏ డాక్టరూ ఇదీ అని చెప్పొద్దు, యాప్ అసలే చెప్పొద్దు. కానీ ఆ జబ్బుల మామూలుగ గొంతు సన్నబడుతది, ఎత్తుపల్లం లేకుండ మాట్లాడుతరు, చెయ్యి ఊరికె ఉన్నప్పుడు వణుకుతది. నువ్వు రాసింది దానికి ఉల్టా ఉంది, కప్పు పట్టుకుంటేనే వణుకు, పైగా అమ్మమ్మకు తల ఊగుడు. నాకైతే ఇది ఎసెన్షియల్ ట్రెమర్ లెక్కనే అనిపిస్తాంది, అయినా ఈఎన్‌టీ డాక్టర్ గొంతుల కెమెరా పెట్టి చూడాలె, న్యూరాలజీ డాక్టర్ చేతులు చూడాలె, థైరాయిడ్ రక్తపరీక్ష తప్పకుండ చేయించు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు ప్రొప్రనొలాల్ ఇస్తుంటరు, కానీ ఉబ్బసం ఉన్నోళ్లకు అది పడదు, మెడికల్ షాపుల అడిగి తెచ్చి వెయ్యకు.

పోయేటప్పుడు రికార్డింగ్ తీసుకపో. ఫ్యాన్ బంద్ చేసి, ఫోన్ నోటికి జానెడు దూరంల పెట్టి, "ఆ..." మూడుసార్లు, ఆ రెండు వాక్యాలు, ఒక బతుకమ్మ పాట చరణం. వాట్సాప్ వాయిస్ నోట్ వద్దు, అది సైజు తగ్గించనీకి చప్పుడును నలుపుతది, ఫోన్ రికార్డర్‌ల వేవ్ (WAV) ఫైల్‌గ, అంటే చప్పుడును నలపని ఫైల్‌గ పెట్టుకో.