సున్నా క్రెడిట్టే కదా అన్నావట

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు బెంగళూరులో ఇంటర్న్‌షిప్ వచ్చిందనీ, ఆఖరి సెమిస్టర్ అంతా అక్కడేననీ, పని నచ్చితే ఉద్యోగం కూడా వాళ్లే ఇస్తారనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక అదే మాట మీ అత్తకి చెప్పాను. "మూడోసారి చెబుతున్నారు, విన్నాను లెండి" అంది. పొద్దున్నే ఆశీల్‌మెట్ట వెళ్లి సంపత్ వినాయకుడి గుళ్లో నీ పేరున కొబ్బరికాయ కొట్టి వచ్చాను. అంతవరకూ బాగానే ఉంది.

అయితే మీ అమ్మ చివర్లో ఇంకో ముక్క చెప్పింది. రెండో ఏడులో రాజ్యాంగం సబ్జెక్టు ఒకటి ఉండిపోయిందట. "అది సున్నా క్రెడిట్టేనమ్మా, డిగ్రీకి కావలసిన 160 క్రెడిట్లూ నాకెలాగూ నిండిపోతాయి" అన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "ఊఁ, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సున్నా క్రెడిట్ అంటే అక్కర్లేదని కాదే పిచ్చితల్లీ! రాజ్యాంగం, పర్యావరణం లాంటి వాటికి క్రెడిట్లు ఉండవు, సీజీపీఏలో కలవవు. కానీ పాసవ్వకపోతే డిగ్రీ ఇవ్వరు. 160 క్రెడిట్లు నిండినా ఇవ్వరు. క్రెడిట్ ఉన్న సబ్జెక్టు పోతే లెక్క తగ్గుతుంది కాబట్టి కనీసం కంటికి కనబడుతుంది. ఇది లెక్కలోనే ఉండదు, అందుకే ఎవరికీ గుర్తుండదు. ఈసారి సప్లీ నోటిఫికేషన్ పడగానే ఫీజు కట్టెయ్. బెంగళూరు వెళ్లాక ఆ పరీక్ష కోసం మళ్లీ రావాలంటే వాళ్లు సెలవు ఇస్తారో ఇవ్వరో.

మిగతావి నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి బతిమాలుకోవచ్చు. 65 దిగిందంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ప్రాజెక్టు రిపోర్టు మీద గైడ్ సంతకం ఆఖరి వారానికి పెట్టుకోకు. వేసవిలో చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి వేరే సర్టిఫికెట్ ఉంటుంది, అది ఎక్కడ పెట్టావో వెతుక్కో.

ఒక ఎలక్టివ్, అదే నువ్వు ఎంచుకునే సబ్జెక్టు, స్వయంలో, అంటే ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో, చేస్తానన్నావట. మంచిదే. కోర్సులో చేరడానికి డబ్బు అక్కర్లేదు కానీ, పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి. చాలామంది అక్కడే జారిపోతారు. స్వయంలో ఇంజినీరింగ్ కోర్సులు నడిపే ఎన్‌పీటెల్ వాళ్ల లెక్కలో అసైన్‌మెంట్లకి 25కి 10, పరీక్షలో 75కి 30 రావాలి. రెండూ వేరువేరుగా రావాలి. ఒకదాంట్లో ఎక్కువొస్తే రెండోదాంట్లో తగ్గింది పూడదు. సర్టిఫికెట్ వచ్చాక దాన్ని కాలేజీ పరీక్షల విభాగంలో ఇచ్చి, ఎక్కించారో లేదో చూసుకునేదాకా పని అయినట్టు కాదు.

ఇంత చాదస్తం ఎందుకంటావా? ఇప్పటిదాకా మీ అమ్మకి కూడా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు.

మూడో ఏడులో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ఒకటి, ఫ్లూయిడ్ మెకానిక్స్ ఒకటి. సప్లిమెంటరీ రాశాను. ఆ రోజుల్లో ఫలితాలంటే నోటీసు బోర్డు మీద టైపు కొట్టిన నంబర్లు. సబ్జెక్టుకి ఒక కాగితం. బోర్డు ముందు తోపులాట. నా స్నేహితుడు దూరి చూసి వచ్చి "ఉందిరా నీ నంబరు" అని భుజం మీద కొట్టాడు. ఇద్దరం అట్నుంచి అటే జగదాంబ సెంటర్లో సినిమాకి పోయాం. వాడు అబద్ధం చెప్పలేదు. నా నంబరు ఉంది, ఒక కాగితంలో. రెండో కాగితం వాడూ చూడలేదు, నేనూ అడగలేదు. మెమో తెచ్చుకుందామంటే కౌంటర్ దగ్గర పెద్ద క్యూ. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు ఏడాది దాటినా రాలేదు.

1986లో ఆఖరి ఏడు ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. మీ తాతయ్య పోర్టులో తనతో పనిచేసే వాళ్లందరికీ లడ్డూలు పంచారు. ఒక కంపెనీ నుంచి అపాయింట్‌మెంట్ ఆర్డర్ కూడా వచ్చింది. చేరే రోజు ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. దాని కోసం కాలేజీకి వెళ్తే గుమాస్తాగారు పెద్ద రిజిస్టర్ తీసి నా పేరు పక్కనుంచి స్కేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. "ఫ్లూయిడ్ మెకానిక్స్ ఉందయ్యా నీకు" అన్నారు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

ఇంటికొచ్చి చెప్పలేకపోయాను. మర్నాడు ఉద్యోగంలో చేరాల్సిన రోజు. అమ్మ క్యారియర్ కట్టింది. నాన్న తన కొత్త చొక్కా ఇచ్చారు. అది తొడుక్కుని, క్యారియర్ పట్టుకుని బయల్దేరి ఆర్కే బీచ్‌లో కూర్చున్నాను. సాయంత్రం అయిదున్నరకి ఇల్లు చేరాను. అలా పదకొండు రోజులు. ఇంట్లో "ఆఫీసు ఎలా ఉందిరా" అంటే "బాగుంది" అనేవాణ్ని. మీ అమ్మ నాకోసం గుమ్మంలో కూర్చుని, ఖాళీ క్యారియర్ అందుకుని లోపలికి పరిగెత్తేది.

పన్నెండో రోజు పొద్దున అమ్మ పెరట్లో క్యారియర్ కడుగుతోంది. కింది గిన్నె అంచున ఇసుక ఉంది. వేలితో తుడిచి చూసింది. నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న తల ఎత్తకుండా "పరీక్ష ఫీజు ఎంతవుద్ది?" అని అడిగారు. అంతే. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ఆ ఊసు ఎత్తలేదు.

మళ్లీ పరీక్ష పెట్టడానికి ఆరు నెలలు పట్టింది. ఆర్డర్ పోయింది. ఇంకో ఉద్యోగం దొరికేసరికి ఏడాదిన్నర. సబ్జెక్టు పోవడం తప్పు కాదు, ఎవరికైనా పోతుంది. కానీ మెమో తెచ్చుకోకపోవడం నా తప్పు. ఆ బీచ్‌లో కూర్చోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఇప్పటికీ ఎవరైనా "అయిపోయింది మావయ్యా, ఒక్కటే ఉంది" అంటే నాకు కడుపులో తిప్పుతుంది.

నువ్వు నాలాంటిదానివి కాదు, తెలుసు. ఉండిపోయిందని మీ అమ్మతో చెప్పావు, అదే నాకు కొండంత ధైర్యం. చిన్నప్పుడు సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణకి తీసుకెళ్తే 32 కిలోమీటర్లూ నడుస్తానని మొండికేసి, హనుమంతవాక దాటేసరికి నా భుజమెక్కి నిద్రపోయావు. ఇప్పుడు ఒక్కదానివే బెంగళూరు పోతానంటున్నావు. పో. కానీ అక్కడ ఏదైనా తేడా వస్తే, అర్ధరాత్రయినా సరే, మొదటి ఫోన్ నాకు చెయ్యి. తిట్టను. తిట్టినా కాసేపే.

ఇంకొకటి. మీ అమ్మ నీ పేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా రాయించింది. డిజిలాకర్‌లో నీ క్రెడిట్లు జమయ్యే క్రెడిట్ బ్యాంక్ ఐడీ తీసేటప్పుడు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఇరుక్కుంటావు. వెళ్లేలోపు సరి చేయించుకో. మీ సేవా దగ్గర రద్దీ ఉంటే నేను తోడొస్తాను.

ఆదివారం ఇంటికి రా. మీ అత్త మామిడికాయ పప్పు చేస్తానంది. అన్ని సెమిస్టర్ల మెమోలూ పట్టుకురా, ఫోన్లో ఫొటోలు కాదు, కాగితాలు. నేనూ స్కేలు పట్టుకుని ఒక్కో లైనూ చూస్తాను. నవ్వుతావని తెలుసు, నవ్వుకో. రెండో ఏడు మెమో మాత్రం మర్చిపోకు.

మీ పెద్ద మావయ్య